తడే బలం, తడే గండం: హెంప్ నార ఎక్కడ నెగ్గుతుంది, ఎక్కడ ఓడుతుంది

(మెటీరియల్స్ ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం, తర్వాత జరిగిన ప్రశ్నోత్తరాలతో సహా)

అందరికీ నమస్కారం.

ముందు ఈ బల్ల మీదున్న చిన్న నార కట్టను చూడండి. లేత గోధుమ రంగులో, జడ విప్పిన జుట్టులా ఉంది. నీటి పైపు బిగించేటప్పుడు దాని చివర ఉండే మరల (థ్రెడ్ల) మీద టెఫ్లాన్ టేపు చుడతారు కదా. యూరప్‌లో ప్లంబర్లు అదే పనికి ఈ హెంప్ నార చుట్టి, పైన కాస్త పేస్టు పూసి బిగిస్తారు. ఎన్నో తరాలుగా అలాగే చేస్తున్నారు, ఇప్పటికీ చాలామంది మానలేదు. దానికి కారణం ఉంది. నీరు తగిలిన నార ఉబ్బుతుంది. ఉబ్బి మరల మధ్య సందులన్నీ పూడ్చేస్తుంది. టెఫ్లాన్ చుట్టిన జాయింటును ఒకసారి బిగించాక వెనక్కి తిప్పితే కారే ప్రమాదం ఉంది. నార చుట్టినదాన్ని పైపు వరస సరిచేయడానికి కాస్త వెనక్కి తిప్పినా సాధారణంగా కారదు. కానీ ఆ పైపులో చాలాకాలం నీరు లేకపోతే నార ఎండి, కుంచించుకుపోయి, లీకు మొదలవుతుంది. టెఫ్లాన్‌కు తడైనా పొడైనా ఒకటే. హెంప్‌కు అలా కాదు. దానికి తడే బలం, తడే గండం.

ఈరోజు నేను చెప్పేదంతా ఈ ఒక్క గుణం చుట్టూనే తిరుగుతుంది. హెంప్ గురించి రెండు రకాల మాటలు వింటుంటాం. ఒకరు దాన్ని ప్రపంచాన్ని కాపాడే మొక్క అంటారు. ఇంకొకరు అదంతా ప్రచారమే అంటారు. ఇద్దరూ పని పేరు చెప్పరు. ఏ పనికి, దేనితో పోల్చి అని అడిగితే రెండు మాటలూ నిలబడవు.

పేరు విషయంలో కొంత గందరగోళం ఉంది, అది ముందు తేల్చుకుందాం. తెలుగులో జనపనార అంటే మనకు గోనెసంచి గుర్తొస్తుంది, అది జూట్. జనుము వేరే మొక్క, చిక్కుడు కుటుంబానిది. గోగు మందార కుటుంబానిది. నిఘంటువుల్లో వీటన్నిటికీ ఎక్కడో ఒకచోట హెంప్ అనే మాట తగులుతుంది. ఇంగ్లీషులోనూ ఇదే తంటా. మనీలా హెంప్ అని పిలిచేది నిజానికి అబాకా, అరటి జాతి మొక్క. ఒకప్పుడు గట్టి నార ఏది కనబడినా హెంప్ అనేవాళ్ళు. నేను మాట్లాడేది కన్నాబిస్ సటైవా గురించి మాత్రమే.

అవును, అది గంజాయి మొక్కే, అదే జాతి. తేడా రకంలో ఉంది. నార కోసం, గింజ కోసం ఎంపిక చేసిన రకాల్లో మత్తునిచ్చే టీహెచ్‌సీ అతి తక్కువ. అమెరికా 2018లో తెచ్చిన వ్యవసాయ చట్టం పొడి బరువులో 0.3 శాతాన్ని హద్దుగా పెట్టింది. యూరోపియన్ యూనియన్ కూడా అంతకుముందున్న 0.2 శాతాన్ని 2023 నుంచి 0.3కు పెంచింది. ఆ మోతాదుతో ఎవరికీ మత్తు రాదు. అయినా సాగుకు చాలా దేశాల్లో అనుమతి తప్పనిసరి. ఈ సంగతి ఇంతటితో వదిలి కాడ దగ్గరికి వద్దాం. మన పని కాడతోనే.

కాడను అడ్డంగా కోస్తే రెండు వేరు వేరు పదార్థాలు కనిపిస్తాయి. బయట పొరలో పొడవాటి నార, లోపల తేలికైన, గుల్లగా ఉండే పుల్ల. బరువులో నార సుమారు మూడో వంతో, అంతకన్నా తక్కువో ఉంటుంది. మిగతాదంతా లోపలి పుల్లే. నార పనులు వేరు, పుల్ల పనులు వేరు. "హెంప్ బలమైనది" అని ఎవరైనా అంటే దేని గురించి అంటున్నారో అడగాలి, ఎందుకంటే పుల్లకు చెప్పుకోదగ్గ బలమేమీ లేదు.

ఇప్పుడు నాలుగు అంకెలు రాసుకోండి. నూలు వ్యాపారంలో, మామూలు గాలి తేమలో ఒక్కో నార పట్టుకునే నీటికి ఖరారు చేసిన లెక్కలు ఉన్నాయి. ఎండబెట్టిన 100 గ్రాముల పాలిస్టర్ 0.4 గ్రాముల నీరు పడుతుంది. నైలాన్ 4.5 గ్రాములు, పత్తి 8.5 గ్రాములు. హెంప్ 12 గ్రాములు. కేవలం గాలిలోంచే 12 గ్రాములు! చేత్తో పట్టుకుంటే పొడిగానే ఉంటుంది, తడి అని అనిపించదు. నారలో ముఖ్య పదార్థం సెల్యులోజ్, దానికి నీరంటే ఉన్న ఆకర్షణే దీనికి కారణం.

ఇక పనుల్లోకి వెళ్దాం. మొదట తాడు.

తెరచాప ఓడల కాలంలో మోకులు, తెరచాపలు, దారాలు చాలావరకు హెంప్‌వే. కాన్వాస్ అనే మాటే కన్నాబిస్ నుంచి వచ్చింది. అయితే ఆ మోకుల చరిత్రంతా నీటితో పోరాటమే. తడిసిన మోకు పైకి ఆరినట్టు కనిపించి లోపల కుళ్ళేది. అందుకే తారు పట్టించేవాళ్ళు. తారు పట్టిస్తే బరువు, బిరుసుదనం పెరుగుతాయి. 19వ శతాబ్దంలో అబాకా తాళ్ళు వచ్చాయి. వాటికి తారు అవసరం లేకుండానే ఉప్పునీటిని తట్టుకునే శక్తి ఉండటంతో ఓడల మీద హెంప్ స్థానం తగ్గింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిలిప్పీన్స్ జపాన్ చేతికి చిక్కి అబాకా ఆగిపోయినప్పుడు, అమెరికా ప్రభుత్వం 1942లో తన రైతులను హెంప్ వేయమని కోరింది. అంతకు ఐదేళ్ళ ముందే, 1937లో, పన్ను చట్టంతో ఆ పంటను అణగదొక్కింది కూడా అదే ప్రభుత్వం. తర్వాత నైలాన్ వచ్చింది. అదే మందంలో రెండింతలకు పైగా బరువు ఆపుతుంది, సాగి కుదుపును మింగుతుంది, కుళ్ళదు. కొండ ఎక్కేవాడి ప్రాణం వేలాడే చోట నైలానే ఉండాలి. ఇందులో వాదనకు తావు లేదు.

కానీ అదే ఓడలో ఇంకో చోటు చూడండి. చెక్క ఓడ పలకల మధ్య సందుల్లో ఏం కూరేవాళ్ళు? పాత హెంప్ మోకులనే పీచుపీచుగా విడదీసి, తారు కలిపి, సుత్తితో సందుల్లోకి దిగ్గొట్టేవాళ్ళు. ఆ పాత తాళ్ళను వేళ్ళతో విడదీసే పనిని బ్రిటన్‌లో ఖైదీల చేత, వర్క్‌హౌస్‌లు అనే పేదల ఆశ్రమాల్లో ఉన్నవాళ్ళ చేత చేయించేవాళ్ళు. వేళ్ళు పగిలి రక్తం కారే పని అది. ఓడ నీటిలోకి దిగాక పలకలతో పాటు ఆ పీచూ ఉబ్బి సందును బిగించేది. మోకుగా ఉన్నప్పుడు దాన్ని చంపిన తడే, సందులోకి వెళ్ళాక దాని చేత పని చేయించింది. ఇందాకటి పైపు జాయింటు కథ కూడా సరిగ్గా ఇదే.

తాడు విషయంలో హెంప్‌కు ఈరోజు మిగిలిన చోటు ఒకటుంది, చిన్నదే కానీ ముఖ్యమైనది. తీగ పంటలకు కట్టే పురికొస. పంట అయ్యాక ప్లాస్టిక్ తాడును తీగల్లోంచి ఒక్కొక్కటిగా ఏరి తీయాలి. ఏరకపోతే ఏళ్ళ తరబడి మట్టిలో ఉండిపోతుంది. నార పురికొసనైతే తీగతో కలిపి కోసి ఎరువు గుంటలో వేసేయొచ్చు. అక్కడ కుళ్ళడమే మనకు కావలసింది.

బట్ట సంగతికొస్తే పోలిక కాస్త చిక్కుగా ఉంటుంది. పత్తి కాయ పగిలితే నార సిద్ధంగా కనిపిస్తుంది, గింజ తీస్తే చాలు. హెంప్ నార అలా దొరకదు. పెక్టిన్ అనే జిగురుతో కాడకు అంటుకుని ఉంటుంది. ఆ జిగురు వదలాలంటే కోసిన కాడలను పొలంలోనే మంచుకు, వానకు వదిలేయాలి, లేదా నీటిలో ఊరబెట్టాలి. సూక్ష్మజీవులు జిగురును తినేస్తాయి. పొలంలో వదిలితే వాతావరణం దయ మీద ఆధారపడాలి. రెండు రోజులు ఎక్కువైతే నార కూడా చివికిపోతుంది. చెరువులో ఊరబెడితే నార చక్కగా వస్తుంది కానీ, నీటిలో ప్రాణవాయువు అయిపోయి చేపలు చస్తాయి. హెంప్ పర్యావరణానికి మంచిదని చెప్పేవాళ్ళు ఈ చెరువు మాట ఎత్తరు. ఎత్తాలి. ఎందుకంటే ఆ నీటిని శుద్ధి చేసే ఖర్చు కూడా ఆ బట్ట ఖర్చులో భాగమే.

మరోవైపు పత్తి లెక్క కూడా చిన్నదేం కాదు. ప్రపంచ సగటున కిలో పత్తి బట్ట వెనుక సుమారు 10,000 లీటర్ల నీరు ఉంటుందని అంచనా. అందులో కొంత వాన నీరే, మొత్తం కాలువ నీరు కాదు. హెంప్‌ను నార కోసం దట్టంగా చల్లితే మూడు నాలుగు నెలల్లో మనిషిని దాటి పెరుగుతుంది, కింద కలుపుకు వెలుతురు అందనివ్వదు. కలుపు మందుల అవసరం బాగా తగ్గుతుంది. ఎరువే అక్కర్లేదనే మాట మాత్రం నిజం కాదు. అంత ఎత్తు పెరగాలంటే నత్రజని బాగానే కావాలి.

హెంప్ బట్ట చెమటను పీల్చి త్వరగా ఆరుతుంది. ఉతికే కొద్దీ మెత్తబడుతుంది. ముడతలు మాత్రం పోవు. కాడను గట్టిపరిచే లిగ్నిన్ అనే పదార్థం ఉండటం వల్ల మొదట్లో గరుగ్గా అనిపిస్తుంది. దీన్ని పత్తి మిల్లులో వడకడానికి నారను పత్తి పొడవుకు తుంచి, మెత్తబరిచి, పత్తితో కలుపుతున్నారు. అలా చేస్తే పాత యంత్రాలే సరిపోతాయి. కానీ తుంచిన క్షణంలోనే దాని సహజమైన పొడవు పోయింది, దాంతో పాటు బలంలో కొంత కూడా. పొడవు నారనే వడకాలంటే, అవిసె నారకు చేసినట్టు, వేడి నీటి తొట్టెలోంచి లాగుతూ వడకాలి. నీటిలో జిగురు మెత్తబడి, నారలు ఒకదాని మీద ఒకటి జారి సన్నటి దారం వస్తుంది. నా దృష్టిలో మంచి హెంప్ బట్ట అంటే అదే, ఖరీదైనా సరే.

కాగితం గురించి ఎక్కువ చెప్పను. చైనాలో దొరికిన తొలినాటి కాగితాల్లో హెంప్ పీచు ఉంది. 1916లో అమెరికా వ్యవసాయ శాఖ ఒక నివేదికలో, 20 ఏళ్ళ మీద లెక్కేస్తే ఒక ఎకరం హెంప్ పుల్ల నాలుగెకరాల అడవికి సమానమని అంచనా వేసింది. ఈ అంకెను నేటికీ తిప్పుతూనే ఉన్నారు. అది వందేళ్ళ నాటి అడవితో చేసిన పోలిక. నేటి కాగితపు తోటలు చాలా వేగంగా పెరుగుతాయి. పైగా చెట్టును ఏడాది పొడవునా ఎప్పుడు కావాలంటే అప్పుడు నరకొచ్చు. హెంప్ ఏడాదికోసారి వస్తుంది, గడ్డివాములంత రాశిని తడవకుండా దాచాలి. అందుకే అది పల్చగా, గట్టిగా ఉండాల్సిన కాగితాలకు, అంటే సిగరెట్ కాగితం, ఫిల్టర్లు లాంటి వాటికి పరిమితమైంది. నోటుబుక్కు కాగితంలో హెంప్ గెలుస్తుందని నేను అనుకోను.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయానికి వస్తున్నాను. గోడ.

ఈ ఇటుక లాంటి ముక్కను చేతులు మార్చుకుంటూ చూడండి. ఎంత తేలిక! లోపలి పుల్లను చిన్న ముక్కలు చేసి, సున్నం, నీరు కలిపి, చెక్క చట్రం చుట్టూ నింపి మెల్లగా దట్టిస్తారు. దీన్ని హెంప్‌క్రీట్ అంటున్నారు. ఫ్రాన్స్‌లో 1980ల్లో పాత చెక్క ఇళ్ళ మరమ్మతుల్లో ఈ పద్ధతి రూపుదిద్దుకుంది. ఆ పేరు నాకు నచ్చదు. కాంక్రీటు పేరు తగిలించడం వల్ల జనం కాంక్రీటు పనే ఆశిస్తారు. ఘనపు మీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోలు. ఇది 300, 400 కిలోలు. మామూలు కాంక్రీటు 20 మెగాపాస్కల్స్, ఆపైన ఒత్తిడిని తట్టుకుంటుంది. ఇది ఒకటి దగ్గరే ఆగిపోతుంది, తరచూ అంతకంటే తక్కువే. స్లాబు దీని మీద నిలబడదు. బరువు మోసేది చెక్క చట్రం. ఇది గోడను నింపుతుంది, అంతే.

మరి దేనికి? వేడి కోసం, తేమ కోసం. మామూలు కాంక్రీటు గోడ వేడిని ఇట్టే దాటిస్తుంది. హెంప్ సున్నపు గోడ అందులో ఇరవయ్యో వంతు దాటించడమే ఎక్కువ. థర్మాకోల్‌తో, గాజు ఉన్నితో పోలిస్తే మాత్రం ఇది వెనకబడుతుంది. అదే రక్షణకు రెండింతలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ మందం కావాలి. అందుకే ఈ గోడలు 30, 40 సెంటీమీటర్ల మందం ఉంటాయి. స్థలం తక్కువైన చోట ఇది లోటే.

కానీ థర్మాకోల్‌కు చేతకాని పని ఒకటుంది. గదిలో తేమ పెరిగితే ఈ గోడ పీల్చుకుంటుంది, గాలి పొడిబారితే వదులుతుంది. పుల్లలోని గుల్లలు, సున్నం కలిసి ఈ పని చేస్తాయి. ప్లాస్టిక్ పొరలతో మూసేసిన గోడలో ఎక్కడో ఒక చిల్లులోంచి తేమ లోపలికి చేరితే బయటికి దారి లేక బూజు పడుతుంది. ఇక్కడ తేమకు దారి ఉంది. సున్నపు క్షార గుణం బూజును అడ్డుకుంటుంది, పుల్లను సున్నం కప్పేయడంతో మంట కూడా అంత తేలిగ్గా అంటుకోదు. థర్మాకోల్ అయితే కరిగి నల్లటి పొగ చిమ్ముతుంది.

ఒక్క తప్పు చేస్తే మాత్రం ఇదంతా పాడవుతుంది. ఈ గోడ మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేయకూడదు, ప్లాస్టిక్ పెయింటు వేయకూడదు. వేస్తే దాని ఊపిరి మూసినట్టే. తేమ లోపల చిక్కుకుంటుంది. సున్నపు గిలాబానే చేయాలి. పునాది నేల నుంచి ఎత్తుగా ఉండాలి, వాన జల్లు గోడ అడుగున కొట్టకూడదు, చూరు బయటికి రావాలి. ఆవిరి రూపంలో తేమ వచ్చిపోవచ్చు, నీరు మాత్రం నిలవకూడదు. ఇంకో ఇబ్బంది, ఇది ఆరడానికి వారాలు పడుతుంది, చల్లటి చోట్ల ఇంకా ఎక్కువ. ఆరకముందే పైపూత వేసినవాళ్ళు తర్వాత బాధపడతారు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఎల్లోరా గుహల గోడల మట్టి పూతలో ఈ మొక్క భాగాలు కలిపినట్టు 2016లో వెలువడిన ఒక పరిశోధన చెప్పింది. అన్ని శతాబ్దాల తర్వాత ఆ పూత అవశేషాలు ఇంకా రాతిని పట్టుకునే ఉన్నాయి. అదే మొక్క సముద్రం మీద కొన్నేళ్ళలో కుళ్ళేది, గుహలో గోడను అంటిపెట్టుకుని శతాబ్దాలు ఉంది! 2024 నాటి అంతర్జాతీయ గృహ నిర్మాణ నియమావళిలో, అమెరికాలో వాడేది, హెంప్ సున్నపు గోడకు ఒక అనుబంధం చేర్చారు. ఇది చిన్న విషయం కాదు. ఇంజనీరు సంతకం పెట్టడానికి, బ్యాంకు అప్పివ్వడానికి ఇలాంటి కాగితమే ఆధారం.

కార్బన్ లెక్క కూడా చెప్తాను. ఎండిన కాడలో సుమారు 45 శాతం కార్బన్. అంటే టన్ను కాడ పెరగడానికి గాలిలోంచి 1.6 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది. గోడ నిలిచినంత కాలం అది గోడలోనే ఉంటుంది. అదే సిమెంటైతే ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో 7, 8 శాతానికి కారణం. అలాగని సున్నాన్ని మర్చిపోకూడదు. సున్నపురాయి కాల్చేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది, గోడ గట్టిపడుతూ అందులో కొంత మాత్రమే తిరిగి తీసుకుంటుంది. పుల్ల లెక్క చెప్పి సున్నం లెక్క దాచే కరపత్రాలు చూస్తే నాకు కోపం వస్తుంది.

చివరిగా కాంపోజిట్లు, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థంలో పీచు కలిపి చేసే మిశ్రమాలు, నేను పనిచేసే రంగం. గాజు పీచు సాంద్రత సుమారు 2.5, హెంప్‌ది 1.5. బలంలో గాజు చాలా ముందుంది. కానీ బరువుతో భాగించి దృఢత్వం చూస్తే రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి. అందుకే కార్ల తలుపుల లోపలి పలకల్లో హెంప్, అవిసె, గోగు నారలను పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో కలిపి వాడుతున్నారు. తేలిక, ప్రమాదంలో పగిలినా గాజులా పదునైన ముక్కలు కావు, కోసే కార్మికుడి చర్మం దురద పెట్టదు.

నేను మొదటిసారి ఇలాంటి పలక అచ్చు పోసినప్పుడు అది దోసె మీద బుడగల్లా లేచింది. మళ్ళీ పోశాను, మళ్ళీ బుడగలే. ప్లాస్టిక్ నాణ్యతను అనుమానిస్తూ రెండు వారాలు పోగొట్టుకున్నాను. చివరికి తెలిసింది, నారను ఎండబెట్టలేదు. ఇందాక చెప్పిన ఆ 12 గ్రాముల నీరు వేడి అచ్చులో ఆవిరైంది. ఎండబెట్టడానికీ హద్దుంది. సుమారు 200 డిగ్రీలు దాటితే నారే మాడుతుంది. అంత వేడి కావాల్సిన ప్లాస్టిక్‌లతో అందుకే ఇది కలవదు. వానలో నానే బయటి భాగాలకూ, బరువు మోసే భాగాలకూ నేను సిఫారసు చేయను. లోపలి పలకలకు నిశ్చింతగా చేస్తాను.

"హెంప్ ప్లాస్టిక్" పేరుతో అమ్మే చాలా వస్తువులు ఈ మిశ్రమాలే. సగానికి పైగా మామూలు ప్లాస్టిక్, మిగతాది నార. అది మట్టిలో కలిసిపోదు. ప్లాస్టిక్ వాడకం కొంత తగ్గింది, అదే లాభం. ఆ లాభం చాలు, అంతకు మించి చెప్పడం మోసం.

*ప్రశ్న: ఇన్ని పనులకు వచ్చేది అయితే మార్కెట్లో ఎందుకు కనబడదు సార్?*

కనబడే చోట మీరు చూడరు, అంతే. పుల్లలో పెద్ద భాగం గుర్రపుశాలల్లో కింద పరచడానికి పోతుంది. చెక్క పొట్టు కంటే ఎక్కువ తడి పీలుస్తుంది, దుమ్ము తక్కువ. ఇక అసలు అడ్డంకి చెప్పాలంటే, అది పంట కాదు, యంత్రం. కాడ నుంచి నారను వేరుచేసే మిల్లు ఖరీదైనది. కాడలు బరువు తక్కువ, రాశి ఎక్కువ, దూరం మోస్తే లారీ ఖర్చే మింగేస్తుంది. కాబట్టి మిల్లు పొలాల దగ్గరే ఉండాలి. మిల్లు లేదని రైతు వేయడు, పంట లేదని మిల్లు రాదు. పైగా ఆ నార కోత యంత్రాల ఇరుసులకు చుట్టుకుని వాటిని ఆపేస్తుంది. దశాబ్దాల నిషేధం వల్ల పత్తికి జరిగినంత యంత్ర పరిశోధన దీనికి జరగలేదు.

*ప్రశ్న: మేము ప్రాజెక్టు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టమంటారు?*

తక్కెడ దగ్గర. నార నమూనా తెచ్చి తూచండి. 105 డిగ్రీల దగ్గర, బరువు ఇక తగ్గనంతవరకు ఎండబెట్టి మళ్ళీ తూచండి. తర్వాత గదిలో ఒక రోజు వదిలి మూడోసారి తూచండి. ఆ మూడు అంకెలతో నా దగ్గరికి రండి. అప్పుడు దాంతో ఏం చేయొచ్చో కూర్చుని మాట్లాడుకుందాం.